చేపల పడవకు అంత ధర ఎందుకు?

వర్ధన్నపేట: చెరువులకు నీళ్లు వస్తున్నాయి, చేప పిల్లలను వదులుతున్నారు, చేపలు ఎదుగుతున్నాయి. అయితే వాటిని పట్టవలసిన మత్స్యకారుడు మాత్రం చాలా ఊళ్లలో ఇప్పటికీ థర్మోకోల్ దిమ్మెలు కట్టిన తెప్ప మీదనో, గాలి నింపిన ట్రాక్టరు ట్యూబు మీదనో నీళ్లలోకి పోతున్నాడు. మంచి పడవ కొనుక్కుందామంటే ఒక్క పంటకాలపు రాబడితో తీరే ఖర్చు కాదు. చూడబోతే గట్టి ప్లాస్టిక్కు తొట్టి మాదిరిగా ఉండే ఈ పడవకు ఇంత ఖరీదు ఎందుకన్న ప్రశ్న చెరువు కట్టల మీద తరచు వినబడేదే. అమ్మేవాడు దోచుకుంటున్నాడని కొందరు, సర్కారు పట్టించుకోవడం లేదని కొందరు అంటుంటారు. ఈ రెండు మాటల్లోనూ కొంత నిజం ఉండవచ్చు గాని, అసలు కారణాలు వర్ధన్నపేటకు చాలా దూరాన ఉన్నాయి. అడవిలో కొన్ని, చమురు బావుల్లో కొన్ని, లారీ కిరాయిలో కొన్ని, వడ్డీ లెక్కలో మరికొన్ని ఉన్నాయి.

చెరువు మారింది, తెప్ప మారలేదు

వరంగల్లు ప్రాంతం చెరువుల సీమ. పాకాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయుల నాటి పెద్ద చెరువులు మొదలు వర్ధన్నపేటలోని కోనారెడ్డి చెరువు వంటి ఊరి చెరువుల దాకా, వాటి కింద సేద్యంతో పాటు చేపల వేట కూడా తరతరాలుగా సాగుతున్నది. వానకాలంలో ఆకేరు పారి, చెరువులు మత్తళ్లు దూకితే రైతుతో పాటు ముదిరాజు, గంగపుత్ర కుటుంబాలకూ ఆ ఏడు గడిచినట్టే.

2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ కింద రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులు, కుంటల పునరుద్ధరణకు పూనుకున్నారు. 2016-17 నుంచి నూరు శాతం రాయితీ మీద చేప పిల్లల పంపిణీ మొదలైంది. చిన్న చెరువుల్లో 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలను, జలాశయాల్లో 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలను వదలడం పద్ధతి. బొచ్చె, రవ్వు, మృగాల, బంగారు తీగ ఈ విధంగా ఊరూరా పెరిగాయి. 2022-23 నాటికి రాష్ట్రంలో చేపల దిగుబడి ఏడాదికి నాలుగు లక్షల టన్నులు దాటింది.

నీరు పెరిగితే చేప పెరుగుతుంది. లోతు కూడా పెరుగుతుంది. పూడిక తీసిన చెరువులో మునుపు నడుము లోతు నీళ్లున్న చోట ఇప్పుడు నిలువు లోతు ఉండవచ్చు. గట్టున నిలబడి విసురు వల వేస్తే పడే చేప వేరు, నడి చెరువులో తిరిగే ఐదారు కిలోల బొచ్చె వేరు. దాని దగ్గరికి పోవాలంటే కాళ్ల కింద నమ్మకమైన ఆధారం ఉండాలి. చెరువు బాగుపడిన కొద్దీ పడవ అవసరం పెరిగిందన్నమాట. పడవ ధర కూడా అదే కాలంలో పెరుగుతూ వచ్చింది.

చెక్క దొరకని కాలం

మునుపు పడవంటే చెక్కే. కోస్తాలో కోరింగ, తాళ్లరేవు ప్రాంతాలు చెక్క ఓడల తయారీకి పేరు పొందినవి. కొల్లేటిలో తాటి మొద్దును తొలిచిన దోనెలు తిరిగేవి. కృష్ణ, తుంగభద్రల మీద వెదురు బుట్టకు తోలు కప్పిన పుట్టి లేక హరిగోలు ఉండేది. తరువాత తోలు పోయి తారు పూసిన గుడ్డ, ప్లాస్టిక్కు పట్టా వచ్చాయి. వీటన్నిటిలోనూ సరుకు ఊరి చుట్టుపక్కలే దొరికేది. పని తెలిసిన వడ్రంగి ఊళ్లోనే ఉండేవాడు. డబ్బు తక్కువైతే ధాన్యం కొలిచి ఇచ్చేవారు.

ఆ ఏర్పాటు క్రమంగా తెగిపోయింది. పడవకు పనికివచ్చే నిడుపాటి, ముదురు టేకు, మద్ది దూలాలు అడవుల్లో తగ్గిపోయాయి. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో, ఆమోదించిన ప్రణాళిక లేకుండా అడవుల్లో చెట్లు నరకడం దేశమంతటా నిలిచిపోయింది. అడవుల రక్షణకు అది అవసరమైన ఉత్తర్వే. అయితే పెద్ద కలప అప్పటినుంచి మరింత అరుదైంది. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం సొంత పొలంలో చెట్టు కొట్టాలన్నా అనుమతి ఉండాలి. తాటి చెట్టు సంగతి చెప్పనక్కరలేదు. ఒకరి దోనె కోసం దానిని కూల్చితే మరొకరి గీత బతుకు కూలుతుంది.

వెదురు విషయంలో మాత్రం 2017 నవంబరులో కేంద్రం కొంత వెసులుబాటు ఇచ్చింది. అడవి బయట పెంచిన వెదురును చట్టంలోని చెట్టు నిర్వచనం నుంచి తొలగించింది. అందువల్ల వెదురు పుట్టి అల్లుకోవడానికి చట్టపు చిక్కు తగ్గింది గాని, అల్లే చేతులు కూడా తగ్గిపోయాయి. చెక్క పడవకు సరుకుతో పాటు ఏటేటా మరమ్మతు ఉండాలి. సందుల్లో పీచు కూరి, తారు, గుగ్గిలం పూయాలి. ఆ పని నేర్చినవారి పిల్లలు వేరే పనులకు పోయారు. చెక్క చౌకగా దొరికినా, దానిని పడవగా మార్చే కూలి చౌకగా దొరకని పరిస్థితి ఏర్పడింది.

చమురు నుంచి చెరువు దాకా

చెక్క స్థానంలో వచ్చినది గాజు నార పడవ. ఫైబరు పడవ అని అందరూ పిలిచేది దీనినే. కొచ్చిన్‌లో 1957లో ఏర్పడిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చెక్కకు ప్రత్యామ్నాయాలపై చాలా కాలంగా పనిచేస్తున్నది. ఫైబరు పడవలు, మందు పట్టించిన రబ్బరు చెక్క పడవలు అందులో కొన్ని. ఫైబరు పడవ కుళ్లదు, చెద పట్టదు, తేలికగా ఉంటుంది. ఇద్దరు మనుషులు చిన్న పడవను కట్ట మీదికి ఎత్తుకుపోగలరు.

ఈ పడవ చేసే విధానం కష్టమైనదేమీ కాదు. ముందుగా పడవ ఆకారంలో ఒక అచ్చు ఉంటుంది. దానికి మైనం పూసి, రంగుతో కూడిన పై పూత వేస్తారు. దానిమీద గాజు నార చాప పరిచి, రెసిన్ అనే జిగురు ద్రవంతో తడిపి, గాలి బుడగలు పోయేటట్లు రోలరుతో ఒత్తుతారు. ఆ విధంగా పొర మీద పొర వేస్తారు. చేతితో వేసే ఈ పొరల్లో బరువు లెక్కన సుమారు ముప్పై పాళ్లు గాజు నార, డెబ్బై పాళ్లు రెసిన్ ఉంటుంది. అంటే ఫైబరు పడవ అని పేరే గాని, కొనేవాడు డబ్బు పెట్టేది ఎక్కువ భాగం రెసిన్‌కే.

ఈ రెసిన్ ముడి చమురు సంతతి. దానిలో మూడో వంతు నుంచి నలభై శాతం దాకా ఉండే స్టైరీన్ అనే ద్రవం కోసం మన దేశం ఏళ్ల తరబడి దిగుమతుల మీదనే ఆధారపడింది. 2020 మే 7న విశాఖపట్నం శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి వెలువడి 12 మంది ప్రాణాలు తీసినది ఈ స్టైరీన్ ఆవిరే. అక్కడ దానిని నిల్వ ఉంచినది ప్లాస్టిక్కు తయారీ కోసం. చెరువుల్లో తేలే థర్మోకోల్ దిమ్మె కూడా స్టైరీన్ నుంచి పుట్టినదే. పేదవాని తెప్పకూ, ఉన్నవాని ఫైబరు పడవకూ ముడి సరుకు ఒక్కచోటి నుంచే వస్తున్నదని దీనినిబట్టి తెలుస్తున్నది. చమురు ధర పెరిగితే రెండింటి ధరా పెరుగుతుంది.

చమురు ధర ఎక్కడో పెరిగితే వర్ధన్నపేట మత్స్యకారునికి ఏమిటన్న సందేహానికి ఇదే జవాబు. 2022 ఫిబ్రవరిలో రష్యా, ఉక్రెయిన్‌ల యుద్ధం మొదలైన తరువాత మార్చిలో ముడి చమురు పీపా ధర 120 డాలర్లు దాటింది. అంతకు ముందు ఏడాది, కరోనా తరువాత, ఓడల్లో సరుకు రవాణా కిరాయిలు విపరీతంగా పెరిగాయి. దిగుమతి సరుకు ధర డాలర్లలో కట్టాలి. 1980లో డాలరుకు ఎనిమిది రూపాయల దరిదాపుల్లో ఇచ్చేవారు. 2025 డిసెంబరులో అది 90 రూపాయలు దాటింది. చమురు ధర కదలకపోయినా రూపాయి విలువ తగ్గితే రెసిన్ డబ్బా ధర పెరుగుతుంది. గాజు నార విషయంలోనూ, చైనా నుంచి వచ్చే సరుకుపై 2010 దశకంలో యాంటీ డంపింగ్ సుంకం అమలులో ఉన్నది. దేశీయ కర్మాగారాలకు అది రక్షణ. చిన్న పడవల తయారీదారునికి అదనపు ఖర్చు.

అచ్చు ఖర్చు ఎవరి మీద పడుతుంది?

పడవ ధరలో కంటికి కనబడని ఖర్చు అచ్చుది. ఒక అచ్చు చేయాలంటే ముందు చెక్కతో నమూనా పడవ చేసి, దానిని నున్నగా తీర్చి, దాని మీద మందపాటి ఫైబరు పొరలతో అచ్చు తీయాలి. అచ్చు ఖర్చు ఒక్క పడవ ఖర్చును మించి ఉంటుంది. అదే అచ్చులో వంద పడవలు తీస్తే ఒక్కొక్క పడవ మీద పడే భారం తక్కువ. పది పడవలే తీస్తే పది రెట్లు ఎక్కువ.

కోస్తాలో ఒకే కొలత పడవలు వందల కొద్దీ అమ్ముడవుతాయి. తెలంగాణ చెరువుల సంగతి వేరు. ఒక ఊళ్లో రెండు కావాలి, మరొక ఊళ్లో ఒకటి కావాలి. ఒకరు గుండ్రని పుట్టి అడుగుతారు, మరొకరు పొడుగు దోనె అడుగుతారు. అందరూ చెరువులు తగ్గి చేపలు పట్టే కాలానికి కాస్త ముందు ఒక్కసారిగా వస్తారు. మిగిలిన నెలల్లో అడిగేవారుండరు. ఆ ఖాళీ నెలల షెడ్డు అద్దె, పనివాళ్ల జీతాలు, తెచ్చిన అప్పు మీద వడ్డీ అన్నీ అమ్మిన ఆ కొద్ది పడవల ధరలోనే కలుస్తాయి. రెసిన్ కూడా ఎక్కువ కాలం నిల్వ ఉండేది కాదు. ఎండాకాలం వేడికి త్వరగా చిక్కబడి పాడవుతుంది. ఆ నష్టమూ ధరలోకే పోతుంది.

దీనికి లారీ కిరాయి తోడవుతున్నది. పడవ బరువు తక్కువ, ఆక్రమించే చోటు ఎక్కువ. లారీవాడు తూకం చూడడు, డెక్కు నిండిందా లేదా అని చూస్తాడు. కాకినాడ నుంచో, విశాఖ నుంచో వందల కిలోమీటర్లు ఒక్క పడవను తెప్పించుకుంటే, కొన్నవాడు పడవతో పాటు లారీలోని ఖాళీ జాగాకు కూడా డబ్బు కట్టినట్టే. ఒకదానిలో ఒకటి అమరే ఆకారపు పడవలు పదింటిని కలిపి తెప్పించుకుంటే ఈ భారం బాగా తగ్గుతుంది. అయితే పది మంది ఒక్కటై ఒకే కొలత పడవ కావాలని ముందే చెప్పుకోవాలి.

పన్ను లెక్క

చేపల వేట పడవపై వస్తు సేవల పన్ను 5 శాతమే. కాని పడవ తయారీకి కావలసిన రెసిన్, గాజు నారలపై 18 శాతం పన్ను ఉన్నది. పెద్ద తయారీదారు తాను కట్టిన పన్నును లెక్క చూపి సర్దుబాటు చేసుకోవచ్చు. పన్ను నమోదు లేని చిన్న షెడ్డువానికి ఆ వెసులుబాటు లేదు. దుకాణంలో కట్టిన 18 శాతం అతని ఖర్చుగానే మిగిలిపోతుంది. పేరుకు 5 శాతం పన్ను ఉన్న వస్తువు ధరలో అంతకు మించిన పన్ను దాగి ఉండడానికి ఇదే కారణం. మత్స్యకారునికి దగ్గరలో, చౌక కూలితో పడవ చేసి ఇవ్వగలిగినది ఈ చిన్న షెడ్లే. భారం ఎక్కువగా పడుతున్నదీ వాటి మీదనే.

సముద్రంలో కథ వేరు, ముడి ఒక్కటే

కోస్తా జిల్లాల్లో మరపడవల ధరలు లక్షల్లో ఉంటాయి. ఇంజను, గేరు పెట్టె, వల లాగే యంత్రం, చేపల నిల్వకు మంచు గది, దిక్కులు చూపే పరికరాలు, నిఘా పరికరాలు కలిస్తే పడవ పొట్టు ధర మొత్తంలో ఒక భాగం మాత్రమే. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో లోతు సముద్రపు వేట పడవకు కేంద్రం లెక్కకట్టిన యూనిట్ ఖర్చు 120 లక్షల రూపాయలు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ పడవ కదలదు, వడ్డీ మాత్రం ఆగదు.

2023 నవంబరు 19 రాత్రి విశాఖ చేపల రేవులో జరిగిన అగ్ని ప్రమాదంలో దాదాపు 40 పడవలు దగ్ధమయ్యాయి. పడవల విలువలో 80 శాతం నష్టపరిహారంగా ఇస్తామని అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. ఒక్క రాత్రిలో పోయినది ఒక్కొక్క కుటుంబపు జీవితకాలపు పెట్టుబడి. పడవ ధర పెరిగిన కొద్దీ ఒక్క ప్రమాదంతో మునిగిపోయే అప్పు కూడా పెరుగుతున్నదన్న సంగతి ఆ ఘటన తెలియజేసింది. చెరువు పడవకు ఇంజను లేదు, మంచు గది లేదు. అయినా అప్పు తెచ్చి కొన్నవానికి భయం అదే.

రాయితీ ఉన్నది, అందుకోవాలంటే?

మత్స్య సంపద యోజనలో సంప్రదాయ మత్స్యకారులకు పడవ, వలల యూనిట్‌కు 5 లక్షల రూపాయల ఖర్చును ప్రమాణంగా తీసుకున్నారు. సాధారణ వర్గాలకు 40 శాతం, షెడ్యూల్డు కులాలు, తెగలు, మహిళలకు 60 శాతం రాయితీ. లెక్క చూస్తే, మొదటి వర్గానికి 2 లక్షలు రాయితీ వస్తే 3 లక్షలు సొంతంగా పెట్టుకోవాలి. రెండవ వర్గానికి 3 లక్షలు వచ్చినా 2 లక్షలు పెట్టుకోవాలి. చెరువు మీద బతికే కుటుంబానికి ఆ సొంత వాటాయే కొండ. రాయితీ శాతం ఎంత అన్నది ఒక ప్రశ్న అయితే, మిగిలిన వాటా ఎక్కడినుంచి వస్తుందన్నది అంతకంటె పెద్ద ప్రశ్న.

రాష్ట్ర స్థాయిలో 2018లో అమలు చేసిన సమీకృత మత్స్య అభివృద్ధి పథకం కింద 75 శాతం రాయితీపై మోపెడ్లు తదితర వాహనాలు పెద్ద ఎత్తున ఇచ్చారు. పట్టిన చేపను అమ్ముకోవడానికి అవి అక్కరకు వచ్చాయి. పట్టడానికి కావలసిన పడవకు కూడా అంతటి ఊపు అవసరం.

2018-19 నుంచి మత్స్యకారులకు కిసాన్ క్రెడిట్ కార్డు వర్తింపజేశారు. సకాలంలో చెల్లిస్తే వడ్డీ 4 శాతానికే పడుతుంది. అయితే ఇది పిల్లలకు, దాణాకు, కూలీకి, ఇతర నిర్వహణ ఖర్చులకు ఉద్దేశించిన స్వల్పకాలిక అప్పు. పడవ వంటి స్థిరమైన సరంజామాకు దీర్ఘకాలిక అప్పు వేరుగా తీసుకోవాలి. దానికి బ్యాంకు హామీ అడుగుతుంది. చెరువు ప్రభుత్వానిది, లీజు సంఘానిది. విడిగా మత్స్యకారుని పేరున తాకట్టు పెట్టడానికి పట్టా భూమి లేకపోతే, అతడు తిరిగి వడ్డీ వ్యాపారి దగ్గరికే పోతున్నాడు.

నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. లక్ష రూపాయలు అప్పు తెస్తే నెలకు 3 వేలు, రెండేళ్లకు 72 వేలు వడ్డీయే అవుతుంది. అదే లక్ష బ్యాంకులో 12 శాతానికి దొరికితే రెండేళ్ల వడ్డీ 24 వేలు. తేడా 48 వేల రూపాయలు. పడవ అమ్మినవాడు బేరంలో రెండు మూడు వేలు తగ్గిస్తే సంతోషించే మత్స్యకారుడు, వడ్డీ రూపంలో దానికి ఎన్నో రెట్లు పోగొట్టుకుంటున్నాడు. పడవ ఖరీదు అంటే అమ్మకం రశీదు మీది అంకె మాత్రమే కాదు. అప్పు తీరేనాటికి చేతి నుంచి పోయిన మొత్తం అసలు ఖరీదు.

పడవ ఇచ్చినవానికే చేప

అప్పు కూడా పుట్టనివారికి మరొక దారి ఉన్నది. వ్యాపారి పడవ, వల సమకూరుస్తాడు. పట్టిన చేప అతనికే, అతను చెప్పిన ధరకే పోయాలి. లెక్క సులువు కోసం ఒక ఉదాహరణ చూడవచ్చు. మార్కెట్టు ధర కంటె కిలోకు 10 రూపాయలు తక్కువ కట్టే ఒప్పందం ఉన్నదనుకుంటే, ఏడాదికి 2 వేల కిలోలు పట్టిన మత్స్యకారుడు 20 వేలు పోగొట్టుకుంటాడు. మూడేళ్లలో అది 60 వేలు. పడవ ఖరీదు 60 వేలే అనుకుంటే మూడేళ్లలో అతడు పడవ ధర పూర్తిగా కట్టినట్టే. అయినా పడవ అతనిది కాదు. నాలుగో ఏడూ అదే ధరకు చేప పోయవలసిందే.

ఇంతకంటె పెద్ద నష్టం ప్రాణనష్టం. థర్మోకోల్ దిమ్మె తేలుతుంది గాని దానికి అంచు లేదు. ఒక పక్కకు ఒరిగి వల లాగితే తిరగబడుతుంది. ట్యూబుకు ముల్లు గుచ్చుకుంటే, కంప తగిలితే నడి చెరువులో గాలి పోతుంది. ఈత బాగా వచ్చినవారికి కూడా కాళ్లకు వల చుట్టుకుంటే ఈత పనికిరాదు. తెల్లవారుజామున చలిలో ఒంటరిగా పోయినవాని కేక గట్టుకు వినబడదు. మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమా ఉన్నది. మరణానికి గాని, పూర్తి శాశ్వత వైకల్యానికి గాని 5 లక్షల రూపాయలు ఇస్తారు. ప్రీమియం మత్స్యకారుడు కట్టనక్కరలేదు, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలే భరిస్తాయి. అయితే పేరు నమోదై ఉండాలి. సంఘంలో సభ్యత్వం ఉన్నంత మాత్రాన బీమా ఉన్నట్టు కాదు. ఈ సంగతి ప్రతి సంఘం తన సభ్యుల విషయంలో విచారించుకోవడం మంచిది.

చౌక పడవలో మోసం ఎక్కడ?

ధర భరించలేక చౌక పడవ వెతికేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చెక్క నీళ్లలో తేలుతుంది. ఫైబరు తేలదు. గాజు నార, రెసిన్ కలిసి గట్టిపడిన పొర నీటికంటె బరువైనది. పడవ ఆకారం వల్లనే అది తేలుతున్నది. నీళ్లు నిండితే రాయి మాదిరిగా మునుగుతుంది. అందుకే మంచి పడవలో ముందూ వెనుకా, పీట కింద మూసిన గదుల్లో నురగ నింపుతారు. తిరగబడినా, నీళ్లు నిండినా పడవ తేలి ఉండి మనిషి పట్టుకోవడానికి ఆధారమవుతుంది. చౌకగా అమ్మదలచినవాడు మొదట మానేసేది ఈ నురగనే. బయటికి కనబడదు గనుక కొనేవాడు అడగడు.

రెండవది పొరల సంఖ్య. పైకి రంగు ఒకటే, నునుపు ఒకటే. లోపల నాలుగు పొరలున్నాయా, రెండే ఉన్నాయా అన్నది చేత్తో ఎత్తి, తూకం వేసి, అంచు మందం చూసి తెలుసుకోవాలి. మూడవది రెసిన్ రకం. మామూలు సామాన్లకు వాడే రెసిన్ చౌక. ఎల్లప్పుడూ నీళ్లలో ఉండే పడవకు వాడే రకం ధర ఎక్కువ. చౌక రకంతో చేసినది కొన్నేళ్లకు పొక్కులు తేలుతుంది. రశీదు మీద బరువు, పొరలు, రెసిన్ రకం, నురగ గదుల వివరం రాయించుకుంటే తరువాత అడగడానికి ఆధారం ఉంటుంది. రాయడానికి వెనుకాడే అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మేలు.

కొన్న తరువాత కూడా జాగ్రత్త అవసరం. పని లేని నెలల్లో పడవను ఎండకు వదలకుండా నీడన బోర్లించి ఉంచితే, చిన్న పగుళ్లను ఆరబెట్టి వెంటనే పూడ్పిస్తే, ఫైబరు పడవ పదేళ్లకు మించి వస్తుంది. థర్మోకోల్ తెప్ప ముక్కలు రాలి ఒకటి రెండేళ్లలో పనికిరాకుండా పోతుంది. రాలిన ముక్కలు చెరువులోనే మిగులుతాయి.

చేయదగినది ఏమిటి?

చమురు ధరను వర్ధన్నపేట మార్చలేదు, రూపాయి విలువనూ మార్చలేదు. అయితే పడవ ఖర్చులో ఊరి చేతిలో ఉన్న భాగం తక్కువేమీ కాదు.

మొదటిది, పడవను ఒక్కరిది గాక సంఘానిదిగా కొనడం. 60 వేల పడవ పదేళ్లు వస్తే ఏడాదికి 6 వేలు పడుతుంది. ఏడాదిలో 60 రోజులే వాడితే రోజుకు 100 రూపాయలు. వంతుల వారీగా 150 రోజులు వాడితే రోజుకు 40 రూపాయలే. చెరువు పడవ ఖరీదుగా తోచడానికి అది ఎక్కువ రోజులు గట్టున పడి ఉండడం కూడా ఒక ముఖ్య కారణం. ఇందుకు వంతుల పుస్తకం, మరమ్మతు నిధి, పడవ పాడుచేసినవారి బాధ్యత ముందే రాసుకోవాలి. ఇవి లేక ఉమ్మడి సొత్తు ఎవరికీ పట్టని సొత్తుగా మారిన సందర్భాలు ఊళ్లలో కొత్త కావు.

రెండవది, కలిసి కొనడం. వర్ధన్నపేట, ఇల్లంద చుట్టుపక్కల సంఘాలన్నీ తమ చెరువులకు పనికివచ్చే ఒకటి రెండు కొలతలు నిర్ణయించుకుని, గిరాకీ లేని నెలల్లో ఒకే ఆర్డరు పెడితే అచ్చు ఖర్చు, లారీ కిరాయి రెండూ తగ్గుతాయి. తయారీదారునికి ఖాళీ నెలల్లో పని దొరుకుతుంది గనుక బేరానికి కూడా వీలుంటుంది.

మూడవది ప్రభుత్వం చేయవలసినది. సముద్రపు పడవను మనసులో పెట్టుకున్న యూనిట్ ఖర్చులు చెరువు మత్స్యకారునికి పెద్ద చొక్కా మాదిరిగా ఉన్నాయి. చిన్న చెరువుకు తగిన పడవ, ప్రాణరక్షణ జాకెట్టు, వల కలిపి చిన్న యూనిట్‌ను నిర్ణయిస్తే సొంత వాటా కూడా చిన్నదవుతుంది. సంఘం చేపల అమ్మకం రాబడినే హామీగా తీసుకుని జిల్లా సహకార బ్యాంకు పడవలకు అప్పు ఇచ్చే ఏర్పాటు చేస్తే నూటికి మూడు రూపాయల వడ్డీ బాధ తప్పుతుంది. మత్స్యశాఖ ఒక మంచి అచ్చు చేయించి, పని నేర్చిన స్థానిక యువకులకు అద్దెకిస్తే కొత్త పడవ వరంగల్లులోనే తయారవుతుంది. పగిలిన పడవకు మరమ్మతు కూడా ఇక్కడే దొరుకుతుంది. గాజు నార పని ఒక్క పడవకే కాదు, నీళ్ల తొట్లకు, రేకులకు, చేప పిల్లల తొట్లకు కూడా పనికివస్తుంది గనుక షెడ్డు ఏడాదంతా నడుస్తుంది.

చెరువు పూడిక తీయడానికి, పిల్లలు వదలడానికి, చేపను మార్కెట్టుకు చేర్చడానికి సర్కారు ఖర్చు పెట్టింది. మధ్యలో మిగిలిపోయినది నీటి మీది మనిషి. అతని పడవ ఖర్చును అతని మీదనే వదిలేస్తే, పైన పెట్టిన ఖర్చంతటి లాభం పడవ సమకూర్చిన వ్యాపారికి చేరుతుంది. వచ్చే వానకాలంలో చెరువులు నిండక ముందే సంఘాలు కూర్చుని తమకు ఎన్ని పడవలు కావాలో, ఏ కొలతవి కావాలో తీర్మానం రాసి మత్స్యశాఖకు ఇవ్వడం తక్షణం చేయదగిన పని. లెక్క కాగితం మీద ఉంటేనే అడగడానికీ, అధికారులు చేయడానికీ వీలుంటుంది.